మధురసుఖమును సహపంక్తియును

మంచి తినుబండారమును రుచిచూచి సంతసించుట దోషమా? సాయంకాలమున నిష్టులతో గూడి వెడలి, కేకుముక్కయు మిఠాయియు దిని, వేడి తేనీరు త్రావుచు గడియసేపు ముచ్చటించుట కేవలము కాలహరణమా? ఈ ప్రశ్న యల్పమైనదిగా గొందఱకు దోపవచ్చును. కాని మనుష్యుని నీతి మహాకార్యములందు గాక నిత్యకృత్యములందే తఱచుగా బరీక్షింపబడుచుండును. కాబట్టి దీనిని విచారింపబూనితిమి.

మా కీ విచారము గ్రంథపఠనమువలన గలుగలేదు. విజయవాడనుండి యిబ్రహీంపట్నము, కొండపల్లి మీదుగా దిరువూరునకు బోవు బాటమీద మైలవర మున్నది. ఒకప్పుడు జమీందారీకి ముఖ్యస్థానమైన యీ యూరు 2022వ సంవత్సరమువఱకు కృష్ణాజిల్లాలోనిది, నేడు ఎన్.టి.ఆర్. జిల్లాలోనిది. ఒక యాదివారము సాయంకాలము, మిత్రుని మనుమరాలి పుట్టినదిన మని, అచ్చటి యొక బేకరీకి బోయితిమి. వితంతువైన మా మేనత్తగారును మాతో వచ్చిరి. ఆమె చిన్నతనములో వితంతువులు శుభకార్యములందు వంటయింట శ్రమించుటయే కాని పదిమంది నడుమ గూర్చుండుట లేదు. నేడు బిడ్డ కేకును గోసి మొదటి ముక్కను ఆమె నోటి కందించెను. ఆ వృద్ధురాలి ముఖమునందలి సంతోషమును జూచి, కాలము బాగుపడినదని మేము గర్వించితిమి.

ఆ గర్వ మెంతోసేపు నిలువలేదు. మమ్ము దీసికొనివచ్చిన డ్రైవరు, మా యీడువాడే, వెలుపల వేపచెట్టుక్రింద కారు నానుకొని నిలిచి తేనీరు త్రాగుచుండెను. అతనికి కేకును బంపితిమి, తేనీరును బంపితిమి. లోనికి రమ్మని పిలుచుట మాత్రము మాలో నొక్కరికిని దోపలేదు. ఆ రాత్రి యింటికి వచ్చిన పిమ్మట గాని యీ సంగతి మాకు దట్టలేదు.

ఇంద్రియసుఖము లన్నియు బంధహేతువులే కనుక నిట్టి విహారములే కూడదని కొందఱందురు. మే మట్లు తలపము. ఆత్రేయపురపు స్త్రీలు పలుచని బియ్యపుపిండి నీటిలో గుడ్డను ముంచి, బోర్లించిన వేడి కుండమీద నొక్కమాఱు లాగి, కాగితముకంటె బలుచనైన రేకును దీయుదురు. బందరులో శనగపిండి వంటకమును దంచి, జల్లించి, బెల్లపుపాకముతో దొక్కుడులడ్డు చేయుదురు. బందరులడ్డునకు 2017లోను, పూతరేకునకు 2023లోను భౌగోళిక సూచిక లభించినది. ఇంతటి నేర్పును నాలుకపై నుంచుకొని నిర్లక్ష్యముగా మ్రింగుటయే దోషము కాని, యానందించుట దోషము కాదు. మితము దప్పిన చక్కెర దేహమునకును, ఆడంబరపు జన్మదినోత్సవములు గృహస్థుని సంచికిని హానికరములే. కాని యది యింగితజ్ఞు లెఱిగినదే. మా ప్రశ్న వేఱు: ఈ తీపి యెవరి శ్రమవలన వచ్చినది? ఎవరితో గూడి తినుచున్నాము?

తేయాకు తోటలకై అస్సాము కంపెనీ 1839లో నేర్పడినది. పిమ్మట గంజాము, విశాఖపట్టణము జిల్లాల తెలుగువా రనేకులు కూలికై యా తోటలకు బోయిరి. ఒడంబడికను మీఱిన కూలివానికి శిక్ష విధించు చట్టము లుండెను. బ్రాహ్మసమాజీయుడగు ద్వారకానాథ గంగూలీ 1886లో నచ్చటికి బోయి, స్వయముగా జూచి, వారి దుర్దశను పత్రికలలో వెల్లడించెను. చక్కెర కథయు నట్టిదే. 1860 నవంబరు 16వ తేదీన ట్రూరో యను నోడ మదరాసునుండి కూలివారిని నాటాలు దేశమునకు జేర్చినది. వారును వారి వెనుక బోయినవారును చెఱకుతోటలలో జాకిరి చేసిరి. వారిలో దెలుగువారు పెక్కండ్రు. ఆ నిర్బంధపు టొడంబడికలు తొలగి చిరకాలమైనది. అయినను, మన పాత్రలోని మాధుర్యము వెనుక మనము చూడని చేతు లున్నవని యా చరిత్రము నేర్పుచున్నది.

తోటలు దూరమున నున్నవి. డ్రైవరు పది యడుగుల దూరమున నుండెను. దూరపువారి దుఃఖమునకు గన్నీరు విడుచుట సులభము. దగ్గఱనున్న వానికి జోటిచ్చుట కష్టము. సహభోజనమే మన దేశమున నన్నిటికంటె దుర్లభమైన ధర్మము. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరములో వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతువివాహమును జరిపించినప్పుడు, ఆ పెండ్లిలో భుజించినవారిని సైతము వెలివేసిరి. పిమ్మట కాఫీహోటళ్లలో బ్రాహ్మణులకు వేఱు గది యుండెను. పల్లెల టీకొట్లలో దళితులకు వేఱు గ్లాసు పెట్టిరి. 1950లో నమలునకు వచ్చిన రాజ్యాంగపు 15వ యధికరణము అంగళ్లును, ఫలహారశాలలును అందఱికిని సమానముగా దెఱచియుండవలెనని శాసించెను. 1955లో అస్పృశ్యతను శిక్షార్హము చేయు చట్టము వచ్చెను.

ఇప్పు డందఱికిని కాగితపు గ్లాసే. ఆనాటి సాయంకాలము మేమును దానిలోనే త్రాగితిమి. డ్రైవరును దానిలోనే త్రాగెను. గ్లాసులో భేదము పోయినది; చోటులో నిలిచినది. గ్లాసును జూచి చట్టము శిక్షింపగలదు. పిలువని పిలుపును ఏ చట్టము శిక్షింపగలదు?

ఒక మిత్రు డిట్లాక్షేపించెను: "అతడు జీతమునకు వచ్చినవాడు. మన నడుమ గూర్చుండుట యతనికే యిబ్బంది. బలవంతముగా గూర్చుండబెట్టి మన యుదారతను జాటుకొనుట యేమి నీతి?" ఈ మాటలో గొంత సత్యమున్నది. ఒక్కనాడు దయతో బిలిచి, ఆ పిలుపును బదిమందికి జెప్పుకొనుట డంబమే. అతనికి దన గడియ విశ్రాంతిని ఒంటరిగా గడుపుటయే యిష్టమైనచో, దానిని మన్నింపవలసినదే. కాని యా యెన్నిక యతనిదై యుండవలెను. మేము పిలువకుండుటచేత నా యెన్నికను ముందే హరించితిమి. అతని సంకోచమునకు గారకులు మనమే. ఆ సంకోచమునే సాకుగా జూపుట దొంగిలించిన సొమ్మునకు రసీదు వ్రాసికొనుటవంటిది. జీతము పనికి వెల; మర్యాదకు వెల కాదు. ఋగ్వేదములోని దానసూక్తము అన్నముండియు దోడివానికి బెట్టనివానిని నిందించుచున్నది. మేము పెట్టితిమి. కాని, పెట్టుట వేఱు, కూడి తినుట వేఱు.

మఱుసటి నెలలో మరల నచ్చటికే పోయితిమి. ఈ మా ఱతనిని బిలిచితిమి. అతడు "ఫరవాలేదండీ, నేనిక్కడే ఉంటాను" అనెను. మేము మరల నేమనవలెనో తెలియక నిలిచిపోయితిమి. అప్పుడు మేనత్తగారు బల్లమీద నొక ప్రక్కకు జరిగి, "రా నాయనా, కూర్చో" యనిరి. అతడు వచ్చి కూర్చుండెను. మొదట మాటలు సాగలేదు. తరువాత గొండపల్లి బాటనుగూర్చియు, పిల్లల చదువులనుగూర్చియు గొంచెము సాగినవి. అంతకుమించి విశేష మేమియు జరుగలేదు.

ఒకనాడు తనకు జోటు లేకుండుట యెట్టిదో యామె యెఱుగును. కనుకనే వాదము చేయక జరిగినది. చదువరులారా, ఈసారి మీరు మిఠాయి ముందు గూర్చుండునప్పుడు, బల్లపై నున్నదానిని జూచుటకు ముందు, బల్లచుట్టు నెవరు లేరో చూడుడు.