దవడ బిగింపులో కర్త ఎవరు?

మనిషి చేసే పనులు సంకల్పంతో జరిగేవనీ, శరీరంలో వాటంతట అవే జరిగేవి వేరనీ రెండుగా విడదీయడం తాత్త్విక చర్చల్లో పరిపాటి. చేయెత్తడం మొదటి కోవకు, గుండె కొట్టుకోవడం రెండో కోవకు చెందుతాయి. నిద్రలో పళ్లు నూరే మనిషి దవడ ఈ విభజనకు లొంగదు. కింది దవడ ఎముక చెవి ముందు కపాలంతో కలిసేచోట ఉన్న కీలునూ, దాన్ని నడిపే చర్వణ కండరాన్నీ, అంటే నమిలేటప్పుడు చెంప వెనుక భాగంలో కదలాడే దళసరి కండరాన్నీ, మనిషి ఇష్టప్రకారం కదపగలడు. అయినా అదే కండరం రాత్రివేళ అతనికి తెలియకుండా పదేపదే బిగిసి, తెల్లవారేసరికి నోరు తెరవడమే కష్టమయ్యేంత నొప్పిని మిగుల్చుతుంది. విశ్రాంతిగా ఉన్న నోటిలో పెదవులు కలిసి ఉన్నా పై పళ్లకూ కింది పళ్లకూ మధ్య రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల ఎడం ఉండడం సహజం. ఆ ఎడాన్ని పోగొట్టుకున్నవాడికి ‘వదులుగా ఉండు’ అని చెబితే ప్రయోజనం తక్కువ, ఎందుకంటే వదలాలన్న పట్టుదల కూడా చాలాసార్లు పళ్ల మీదికే వస్తుంది. బిగించినది అతనే గాని కర్తృత్వం అతనిది కాదనిపిస్తుంది, మరి ఎవరిది?

ఈ చిక్కు బౌద్ధ సాహిత్యానికి కొత్తది కాదు. మజ్ఝిమ నికాయంలోని మహాసచ్చక సుత్తంలో బుద్ధుడు వైశాలిలో సచ్చకుడనే నిగంఠపుత్రునితో, అంటే జైన సంప్రదాయానికి చెందినవాడితో, తన తొలినాళ్ల సాధన గురించి చెబుతాడు: పళ్లు బిగపట్టి, నాలుకను అంగిటికి అదిమి, చిత్తాన్ని చిత్తంతోనే అణచాలని చూడగా చంకల నుంచి చెమటలు కారాయి, పట్టుదల సడలలేదు గాని దేహం మాత్రం నలిగి అశాంతమైంది. ఊపిరి బిగపట్టడమూ, ఉపవాసాలూ ఫలించకపోయిన తరువాత, బాల్యంలో తండ్రి పనిలో ఉండగా నేరేడు చెట్టు నీడన కూర్చున్నప్పుడు కలిగిన ప్రశాంత ధ్యానం ఆయనకు గుర్తుకు వస్తుంది; దారి అదేనని అప్పుడు నిశ్చయించుకుంటాడు. అయితే అదే నికాయంలోని వితక్కసంఠాన సుత్తం చెడు తలపులను తొలగించే ఐదు ఉపాయాల్లో చివరిదిగా ఈ పళ్ల బిగింపునే చెబుతుంది గనుక, బౌద్ధం ప్రయత్నాన్ని తోసిపుచ్చిందనడం సరికాదు. మిగిలిన నాలుగూ పనిచేయనప్పుడే దాన్ని వాడమనడం మాత్రం గమనించదగినది.

చీనా వైద్యం ఇదే సమస్యను దేహం వైపు నుంచి సమీపించింది. ఆ వైద్యానికి మూలగ్రంథమైన ‘హువాంగ్‌దీ నైజింగ్’ కీళ్ల నొప్పులను ‘బీ’ అంటుంది. గాలి, చలి, తేమ ఒంట్లో చేరి ‘చీ’ అనే ప్రాణశక్తి నడకను అడ్డగించడం వల్ల ఇవి పుడతాయని దాని వివరణ, వాతపు నొప్పుల మాట వింటూ పెరిగిన తెలుగువారికి ఇది మరీ వింతగా తోచదు. ఆక్యుపంక్చర్ ఆ నడకను సూదులతో సరిచేయాలని చూస్తుంది. దవడకు వాడే బిందువుల్లో ‘చియాచ’ అనేది కింది దవడ మూలకు వేలెడు వెడల్పు ముందుకూ పైకీ ఉంటుంది. దాన్ని గుర్తించడానికి చికిత్సకుడు రోగిని పళ్లు బిగించమంటాడు. కండరం ఉబ్బి వేలికి తగులుతుంది. ఆ ఉబ్బు మీద వేలుంచి వదిలేయమంటే, ఉబ్బినచోటే చిన్న పల్లం తెలుస్తుంది, సూది దిగేది అక్కడే. చెంప ఎముక కింద ఉండే ‘శియాగ్వాన్’ నోరు మూసి ఉన్నప్పుడే దొరుకుతుంది, నోరు తెరిస్తే దవడ ఎముక తల ముందుకు జరిగి ఆ పల్లం పూడిపోతుంది. రాత్రి తెలియక చేసే పనిని ఇక్కడ రోగి తెలిసి ఒక్కసారి చేస్తాడు, ఆపైన ఇరవై, ముప్పై నిమిషాలు అతడు చేయవలసినదేమీ ఉండదు.

సూది పడినచోటనే మహిమ ఉందా అన్న ప్రశ్నను పరిశోధకులు గట్టిగానే అడిగారు. మోకాలి కీళ్ల అరుగుదలపై జర్మనీలో 1,007 మందితో జరిపి 2006లో ప్రచురించిన అధ్యయనంలో, 26 వారాల తరువాత శాస్త్రోక్త బిందువుల్లో సూదులు వేయించుకున్నవారిలో 53.1 శాతం మందికి, బిందువులు కానిచోట్ల పైపైన గుచ్చించుకున్నవారిలో 51 శాతం మందికి చెప్పుకోదగ్గ ఉపశమనం కలిగితే, మామూలు చికిత్స పొందినవారిలో అది 29.1 శాతానికే పరిమితమైంది. ఇది మోకాలికి సంబంధించిన ఫలితమే గాని దవడకు సంబంధించినది కాదు. అయినా ‘చీ’ నిర్దిష్ట మార్గాల్లో నడుస్తుందనీ, సూది ఆ మార్గాల మీది బిందువుల్లోనే దిగాలనీ చెప్పే సిద్ధాంతానికి ఇది పెద్ద దెబ్బే. అంతమాత్రాన ఆ ఉపశమనం బూటకమని తేల్చడం తొందరపాటు. రెండు సూదులకూ ఉమ్మడిగా ఉన్నదేమిటో చూడాలి: నిశ్చలంగా పడుకోవడం, చర్మం మీద స్పర్శ, తన దేహాన్ని కొంతసేపు మరొకరి చేతుల్లో పెట్టడం. సంకల్పంతో బిగించినదాన్ని సంకల్పంతో వదలవచ్చు, సంకల్పం లేకుండా బిగిసినది మాత్రం కర్త తాత్కాలికంగా తప్పుకున్నప్పుడే వదులవుతుందన్న ఊహకు ఈ అంకెలు అనుకూలంగా ఉన్నాయి, రుజువు కాకపోయినా.

తప్పుకోవడానికి నమ్మకం కావాలి గనుక చికిత్సకుని నిజాయితీ ఇక్కడ వైద్యంలో భాగమే అవుతుంది. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో, అంటే దేహరక్షణ వ్యవస్థ సొంత కీళ్లనే దెబ్బతీసే వ్యాధిలో, సూది నొప్పిని కొంత తగ్గించినా కీలు అరిగిపోవడాన్ని ఆపుతుందనడానికి ఆధారం లేదు. ఆ వ్యాధికి వైద్యులిచ్చే మందులు మానేయమనేవాడు రోగికి ద్రోహం చేసినట్టే. ఉన్నట్టుండి దవడ పట్టేసినా, వాచినా ముందు చూపించవలసింది దంతవైద్యునికి. ఇంత చెబితే రోగి నమ్మకం సడలి ఉపశమనమూ పోతుందని భయపడేవారున్నారు. మకావ్‌లో చీనా వైద్యం చదివి హార్వర్డ్‌లో పరిశోధకుడైన టెడ్ కాప్‌చక్ బృందం 2010లో ప్రచురించిన ప్రయోగంలో, పేగుల బాధతో వచ్చిన 80 మందిలో కొందరికి మందు లేని మాత్రలని ముందే చెప్పి ఇచ్చినా, ఏ మాత్రా ఇవ్వనివారికంటే వారికి ఎక్కువ ఊరట కలిగింది. దవడ నొప్పితో వచ్చినవారికి సూది గురించి తెలిసినంతవరకే చెప్పి, శ్రద్ధగా చికిత్స చేయడానికి అడ్డేమీ లేదు.