ఫలమెవరిది, దక్షిణ యెవరిది

చదువు సాగుచుండగనే విద్యార్థి వేతనము పుచ్చుకొనవచ్చునా యను ప్రశ్నకు మన ప్రాచీనులు నేరుగా సమాధానము చెప్పలేదు గాని, దాని చుట్టుప్రక్కల చాలదూరము తిరిగిరి. జీతముగొని వేదము చెప్పు గురువును, అట్టి గురువునొద్ద చదువుకొన్న శిష్యునిగూడ మనుస్మృతి శ్రాద్ధపంక్తినుండి తొలగించినది. ఈ కట్టడి మన మనస్సులలో నెంత లోతుగా నాటుకొన్నదనగా, కళాశాలకు లక్షలు చెల్లించి వాణిజ్యశాస్త్రము చదువు పిల్లవాడు తాను కంపెనీలో పనిచేసిన ఆరునెలలకు జీతమడిగినచో, నేర్చుకొనుటకు వచ్చినవాడు డబ్బడుగుటయా యని నొసలు చిట్లించువారు నేటికిని గలరు. చదువుకై మనమిచ్చునది ఫీజు. చదువు నడుమ మనకు వచ్చునది మాత్రము మైల!

విద్యతో పనిని ముడివేయు పద్ధతి క్రొత్తది కాదు. అమెరికాలోని సిన్సినాటి విశ్వవిద్యాలయమున హెర్మన్ ష్నైడర్ అను ఆచార్యుడు 1906లో కొందరు ఇంజనీరింగు విద్యార్థులను ఒక వారము తరగతికిని, మరియొక వారము కర్మాగారమునకును పంపుచు దీనికి శ్రీకారము చుట్టెను. ఇంగ్లండులో వాణిజ్యనిర్వహణము చదువువారు పలువురు మూడేండ్ల చదువును నాలుగేండ్లు చేసికొని, మూడవయేడంతయు నొక సంస్థలో పనిచేసి, కడపటియేట మరల పుస్తకము పట్టుదురు. ఆంధ్రప్రదేశములో 2020లో వచ్చిన సంస్కరణము మూడేండ్ల డిగ్రీలో పదినెలల ఇంటర్న్‌షిప్పును తప్పనిసరి చేసినది. అప్పటినుండి బి.కామ్., బి.బి.ఏ. పిల్లలు బ్యాంకు శాఖలయందును, ఆడిటరు కార్యాలయములయందును, షాపింగు మాలులయందును తరచుగా కనబడుచున్నారు. కొందరికి స్టైపెండు ముట్టును. కొందరికి సర్టిఫికెట్టు మాత్రమే ముట్టును.

ముట్టనిచోట వినవచ్చు సమర్థన మొకటే: అనుభవమే నీకు జీతము. ఈ మాటకు కొంత వేదాంతపు మెరుగు పెట్టి, ఫలాపేక్ష లేక కర్మ చేయుమని భగవద్గీత చెప్పలేదా యని యడుగువారును గలరు. గీత చెప్పినమాట నిజమే; కాని యది యెవరు ఎవరికి చెప్పిరో చూడవలదా? ఆ యుపదేశము కర్త తన మనస్సునకు తాను వేసికొనవలసిన కళ్లెము. పరుని శ్రమఫలమును అనుభవించువాడు ఆ పరునకు నిష్కామమును బోధించుట గీతలో నెచ్చటను లేదు. అర్జునుడు గెలిచిన రాజ్యమును తాను పుచ్చుకొనదలచి కృష్ణుడు ఫలత్యాగమును బోధింపలేదు గదా.

ఈ చిక్కును విప్పుటకు గీతకంటె పూర్వమీమాంస యెక్కువ యుపకరించునని నా యభిప్రాయము. యజ్ఞమున ఋత్విక్కులకు యజమాని యిచ్చు దక్షిణ యేమి? మనము దానిని దానమనుకొందుము, మీమాంసాసూత్రకర్తయైన జైమిని యట్లనుకొనలేదు. అది పరిక్రయము, అనగా పనివానిని నియోగించుటకై చెల్లించు మూల్యమని మీమాంసకుల నిర్ణయము. మంత్రములు చదివినది హోత, ఆహుతులు వేల్చినది అధ్వర్యుడు. అయినను స్వర్గము యజమానిది. ఫలము తనదగుటచేతనే యజమాని దక్షిణ చెల్లింపవలసినవాడగుచున్నాడు. జ్యోతిష్టోమమను సోమయాగమునకు చెప్పిన నూటపండ్రెండు గోవులను పదునారుగురు ఋత్విక్కులకు పంచు విధానము మరింత రుచికరమైనది: ప్రధానులైన నలుగురికి పూర్ణభాగము, వారి తరువాతివారికి అందులో సగము, ఆ తరువాత మూడవవంతు, అట్టడుగువారికి నాల్గవవంతు. సోమరసమును పాత్రలలో నింపు ఉన్నేత అధ్వర్యుని బృందములో కడపటివాడు. అనుభవము గడించుచున్నావు గదా యని అతని నాల్గవవంతును సున్న చేయవలెనని ఏ సూత్రకారునికిని తోచలేదు.

దీనికి ప్రత్యుదాహరణముగూడ ఆ శాస్త్రముననే కలదు. పండ్రెండు దినములు గాని అంతకు మించి గాని సాగు సత్రయాగమున దక్షిణ లేదు. ఏలయనగా నందు ఋత్విక్కులందరును యజమానులే. ఎవ్వరును ఎవ్వరిని నియోగింపలేదు, ఫలము ప్రతివానికిని సమగ్రముగా దక్కును. కాబట్టి జీతములేని పని యెచ్చట న్యాయమో యెచ్చట అన్యాయమో తేల్చుటకు మీమాంసకుడు పనివాని వయస్సును గాని విద్యాస్థితిని గాని అడుగడు, ఫలమెవరిదని యడుగును. మొదటి రెండు మూడు వారములు విద్యార్థి నిజముగా భారమే కావచ్చును, పని నేర్పువాని కాలమును హరించుచుండవచ్చును. కాని నాలుగవ నెలలో అతడు తయారుచేసిన జి.ఎస్.టి. లెక్కలకు కంపెనీ తన కక్షిదారునొద్ద రుసుము వసూలు చేయుచున్నచో, అది సత్రము కాదు. అచ్చట యజమాని వేరు, ఋత్విక్కు వేరు.

ఈ ప్రశ్ననే పాశ్చాత్య న్యాయస్థానములు వేరొక త్రోవన చేరుకొన్నవి. ఒక చలనచిత్రనిర్మాణములో జీతములేక పనిచేసిన యువకులు తెచ్చిన వ్యాజ్యములో అమెరికా అప్పీలు న్యాయస్థానము 2015లో, ఈ సంబంధమువలన ప్రధానముగా లాభపడినది శిక్షణార్థియా సంస్థయా యని పరీక్షింపవలెనని తీర్పుచెప్పెను; 2018లో అక్కడి కార్మికశాఖయు ఆ గీటురాయినే స్వీకరించెను. జైమినిని వారు చదివియుండరు. ఇంగ్లండు చట్టము మాత్రము, కోర్సులో భాగముగా ఏడాదికి మించక చేయు పనికి కనీసవేతనము వర్తింపదని చెప్పి చేతులు కడుగుకొన్నది. పని కోర్సులోనిదా కాదా యన్నదే దానికి కావలసినది, ఫలవిచారము లేదు. మన 1961 నాటి అప్రెంటిసుల చట్టము, అప్రెంటిసు శిక్షణార్థియే గాని శ్రామికుడు కాడనుచునే, స్టైపెండు మాత్రము చెల్లింపవలసినదే యనుట నాకు ఇంగ్లండు పద్ధతికంటె మెచ్చదగినదిగా తోచును.

స్మృతికారుల మాట వినక యీ విచారము పూర్తికాదు, వారు నా పక్షమున పూర్తిగా లేకపోయినను. నారదుడు సేవకులను శిష్యుడు, అంతేవాసి, భృతకుడు, అధికర్మకరుడు, దాసుడు అని యైదు తెఱగులుగా విభజించెను. వేదము నేర్చువాడు శిష్యుడు; శిల్పము, అనగా చేతివిద్య, నేర్చువాడు అంతేవాసి; కూలికి పనిచేయువాడు భృతకుడు. నేటి ఇంటర్ను అంతేవాసియే. అతడు పని ముందుగనే నేర్చుకొన్నను, ఒప్పుకొన్న కాలము గురుగృహముననే నిలిచి, ఆ కాలమున తన పనివలన వచ్చు ఫలమును గురువునకే యీయవలెనని యాజ్ఞవల్క్యుడు విధించెను. దీనిని చూపి, ఇంకేమి, శాస్త్రమే మా పక్షమని కంపెనీవారు సంతోషింపవచ్చును. కాని యాజ్ఞవల్క్యుని యా శ్లోకముననే అంతేవాసి గురువు పెట్టు భోజనము తినువాడని యున్నది. నారదుడు మరి రెండు మెట్లు ముందుకు పోయి, ఆచార్యుడతనిని కొడుకువలె చూడవలెననియు, నేర్పుటకు ఒప్పుకొన్న విద్యకు సంబంధింపని వేరుపని చేయింపరాదనియు శాసించెను. హైదరాబాదులో హాస్టలు అద్దె తానే కట్టుకొని, మెస్సు ఖర్చు తానే పెట్టుకొని, బస్సు పాసు తానే కొనుక్కొని, దినమంతయు జిరాక్సులు తీయుచు ఫోనునంబర్ల పట్టికలు నింపు విద్యార్థికి ఈ మూడు షరతులలో నొక్కటియైనను దక్కినదా? ఆ యద్దె కట్టగల తండ్రిగలవాడే ఆ ఇంటర్న్‌షిప్పునకు పోగలడు. శ్రీకాకుళమునుండియో ఆదిలాబాదునుండియో వచ్చిన రైతుకూలి బిడ్డకు, వానికంటె తెలివిగలదైనను, ఆ వాకిలి మూతబడియే యుండును. గురుగృహమున అన్నము పెట్టబడినంతకాలము ఈ భేదము పుట్టుటకు తావు లేకుండెను.

అంతమాత్రమున జీతమిచ్చిన సంస్థ ఋణవిముక్తమైనదని గాని, జీతము తెచ్చుకొన్న విద్యార్థిని పంపిన విశ్వవిద్యాలయము తన విధి నెరవేర్చినదని గాని చెప్పజాలము. ఛాందోగ్యోపనిషత్తులోని సత్యకామజాబాలుని చూడుడు. హారిద్రుమతుడైన గౌతముడు అతనికి బక్కచిక్కిన నాలుగువందల ఆవుల నప్పగింపగా, ఇవి వేయికాక మరలిరానని చెప్పి అతడు అడవికి పోయెను. మందలోని వృషభము, అగ్ని, హంస, నీటికాకి ఒక్కొక్కటి బ్రహ్మముయొక్క ఒక్కొక్క పాదమును అతనికి బోధించెను. పనిలోనే విద్యగలదనువారికి ఇంతకంటె గొప్ప సాక్ష్యము దొరకదు. కాని కథ అచ్చట నిలువలేదు. వేయి ఆవులతో తిరిగివచ్చిన శిష్యుని ముఖము చూచి గురువు, నీకు బోధించినదెవరని యడిగెను; మనుష్యులు కానివారని చెప్పియు సత్యకాముడు, ఆచార్యునివలన తెలిసికొన్న విద్యయే నిలుచునని విన్నాను, నాకు మీరే చెప్పుడని ప్రార్థించెను; గురువు ఏమియు విడువక మరల చెప్పెను.

మన కళాశాలలు పెక్కింటిలో పని ముగించి వచ్చినవానినుండి స్పైరల్ బైండింగు చేసిన నివేదిక నొకటి పుచ్చుకొని, కంపెనీ ముద్రయున్నదా యని చూచి, మార్కులు వేయుదురు. ఆ పిల్లవాడు ఆ నెలలలో బీమా పాలసీని ఫిక్సెడ్ డిపాజిటని నమ్మించి ముసలివారికి అంటగట్టు నేర్పును చూచి వచ్చియుండవచ్చును. నెలసరి టార్గెటు తీరినందులకు ప్రోత్సాహకము గూడ తెచ్చుకొనియుండవచ్చును. నీకు బోధించినదెవరు, ఏమి బోధించిరని వానినడుగుటకు అట్టి కళాశాలలలో ఒక గంటయైనను కేటాయింపబడలేదు.