తోటలోని ప్రాణులు – భూతదయ

ఫాల్గుణము నాటికి మారేడుచెట్లు ఆకు రాల్చి, చైత్రములో చిగురు తొడుగును. చెట్టునీడ పలుచబడిన ఆ దినములలోనే మఠముల తోటలలో కందపిలకలు నాటుదురు. తెల్లవారునప్పటికి పాదులలో మట్టికుప్పలు లేచి, పిలకలు కొరుకబడియుండును. పందికొక్కు చేరినదన్నమాట.

ఇచ్చట లింగధారికి ధర్మసందేహము పుట్టును. బసవేశ్వరుని బోధలో భూతదయకు అగ్రస్థానము కలదు. కాయకమునకును అంతటి గౌరవమే కలదు. తోటపని కాయకము, దాని ఫలము దాసోహమునకు చెందినది. దానిని పందికొక్కు పాలు చేయుటయు దోషమే గదా!

అనేకులు చెప్పు సమాధానమొకటి కలదు: "మేము చంపము, పట్టువానిని పిలిపింతుము." కోస్తా మండలములలో యానాదులు కలుగులోనికి కుండతో పొగ ఊది ఎలుకలను పట్టుటలో నేర్పరులు. వారు వచ్చువేళకు గృహస్థుడు లోనికి పోవును. పని ముగిసిన పిదప కూలి యిచ్చి, మంచినీళ్లు మాత్రము దూరమునుండి పోయును. ఇది దయ యెట్లగును? హింసను కూలికి ఒప్పగించి, దాని మైలను మాత్రము కూలివానికి అంటగట్టుట యగును. 12వ శతాబ్దమున కల్యాణములో తోలుపని చేయు డోహర కక్కయ్యను శరణునిగా మన్నించిన సంప్రదాయమునకు ఇది బొత్తిగా తగదు. చంపక తప్పదని నిర్ణయించినవాడు ఆ నిర్ణయభారమును తానే మోయవలెను. పట్టినవానిని దాసోహపంక్తిలో తనసరసన కూర్చుండబెట్టుకొనవలెను.

విషము పెట్టుట మరియొక సులభోపాయము. జింకు ఫాస్ఫైడు కలిపిన ఎర కడుపులో విషవాయువుగా మారి ప్రాణము తీయును. ఆ ఎరను ఎలుకయే తినునని నియమమేమి? కుక్కయు తినవచ్చును, పక్షియు తినవచ్చును. కొందరు చుంచెలుకను సైతము ఎలుకయనుకొని కొట్టుదురు. మూతి పొడుగై, దుర్గంధము వెదజల్లు ఆ ప్రాణి ముఖ్యముగా పురుగులను తిని బ్రతుకును, తోటకది మిత్రము. అపరాధి యెవరో తెలియకయే శిక్షించుటకు దయ యడ్డురాకపోయినను, న్యాయమైనను అడ్డురావలదా? గుడ్లగూబను అపశకునమని తరుముటయు ఇట్టిదే. రాత్రివేళ తోటకు అంతకన్న మంచి కావలి లేదు.

నిజమునకు పందికొక్కును పిలిచినది తరచుగా మనుష్యుడే. దాసోహశాల వెనుక పారవేసిన మెతుకులు, మూతలేని ధాన్యపుగాదెలు, ఎత్తని చెత్తకుప్పలు దానికి ఆహ్వానములు. మొదట వానిని సవరింపవలెను. పిలకలు నాటు గుంటలో సన్నకన్నుల ఇనుపవల పరచినచో చాలవరకు రక్షణ కలుగును. అప్పటికిని బెడద తీరనిచో, సాయంకాలము కలుగులన్నిటిని మట్టితో మూసి, ఉదయము తెరువబడినవానినే గుర్తింపవలెను. బోను పెట్టవలసినది అచ్చటనే, తోటయంతటను గాదు.