పసిమాటకు పూచీ ఎవరు?

ఒక మనిషి మాటను నమ్మడమంటే ఏమిటి? లైంగిక దాడికి గురైన పసిపిల్ల సాక్ష్యాన్ని అప్పీలు కోర్టు తూచేటప్పుడు ఈ ప్రశ్న కేవలం తత్త్వచర్చగా మిగలదు. ఆ పిల్ల బతుకూ, ముద్దాయి స్వేచ్ఛా రెండూ దాని జవాబు మీదనే ఆధారపడి ఉంటాయి.

రామేశ్వర్ కేసును తీసుకుందాం. రాజస్థాన్‌లో ఎనిమిదేళ్ల బాలికపై జరిగిన అత్యాచారమది. మొదటి కోర్టు శిక్ష వేసింది. అప్పీలు విన్న సెషన్సు జడ్జి, నేరం జరిగిందని తన అంతరాత్మకు నమ్మకం కలిగినా, బాలిక మాటను బలపరిచే స్వతంత్ర సాక్ష్యం లేనందున చట్టరీత్యా రుజువు కాలేదని ముద్దాయిని విడిచిపెట్టాడు. హైకోర్టు ఆ తీర్పును తిరగవేసింది. 1951 డిసెంబరులో సుప్రీంకోర్టు హైకోర్టునే సమర్థించింది. అటువంటి బలం ఉండితీరాలన్నది చట్టనియమం కాదనీ, న్యాయమూర్తి మనసులో ఉంచుకోవలసిన జాగ్రత్త మాత్రమేననీ, బాలిక తర్వాత తల్లితో చెప్పిన మాట కూడా బలపరిచే సాక్ష్యమేననీ న్యాయమూర్తి వివియన్ బోస్ తేల్చాడు.

ఆ సెషన్సు జడ్జి స్థితి ఆలోచించదగినది. మనసు నమ్మింది, చట్టం ఒప్పుకోదనుకున్నాడు. నిజానికి ఆయనకు అడ్డుపడినది చట్టం కాదు, దాని వెనుకనున్న సమాజపు అలవాటు. పల్లెలో కౌలురైతుకు అప్పు పుట్టాలంటే పూచీ కావాలి. మోతుబరికి మాటే పత్రం. ఆడదాని మాటను, అందులోనూ కూలివాని బిడ్డ మాటను, న్యాయస్థానం కూడా ఇలాగే పూచీ అడుగుతూ వచ్చింది. నేరంలో పాలుపంచుకున్నవాని సాక్ష్యం విషయంలో 1872 నాటి సాక్ష్యచట్టం చెప్పిన జాగ్రత్తను తెచ్చి బాధితురాలి మెడకు చుట్టారు.

నేను కోనసీమలో బడిపంతులుగా పనిచేసినవాణ్ణి. రాజోలు, కొత్తపేట పల్లెల్లో పిల్లలకు కాలం పంచాంగంలో ఉండదు. "కొబ్బరి దింపు నాడు", "కాలువ కట్టేసినప్పుడు", "ప్రభల తీర్థం అయినాక" - వారి తేదీలు ఇవే. అటువంటి పిల్ల ఒకతె అమలాపురం కోర్టు బోనులో నిలబడిందనుకోండి. ప్లీడరు తేదీ అడుగుతాడు, ఆమె తడబడుతుంది. మన కోర్టుల్లో చాలాచోట్ల తెలుగు సాక్ష్యం ఇంగ్లీషులోకి మారి రికార్డుకెక్కుతుంది. అప్పీలు అమరావతిలోని హైకోర్టుకు చేరుతుంది. ఆ న్యాయమూర్తి ఎదుట పిల్ల ఉండదు, కాగితం ఉంటుంది. ఆమె ఎంతసేపు తలవంచుకుని నిలబడిందో ఆ కాగితం చెప్పదు. తడబాటు ఒక్కటే చెబుతుంది. దానికి పరస్పర వైరుధ్యమని పేరు.

ఇది నా ఊహ మాత్రమే కాదు. పంజాబులో పదహారేళ్లు నిండని విద్యార్థినిని కారులో ఎత్తుకుపోయి అత్యాచారం చేసిన కేసులో, ఆ కారు ఏ రకందో చెప్పలేకపోయిందని కూడా విచారణ కోర్టు ఆమెను శంకించి, 1985లో ముద్దాయిలను విడిచిపెట్టింది. చిన్నచిన్న తేడాలు పట్టుకుని నమ్మదగిన సాక్ష్యాన్ని తోసిపుచ్చరాదంటూ సుప్రీంకోర్టు ఆ తీర్పును రద్దుచేసింది 1996లో, గుర్మీత్ సింగ్ కేసుగా పేరుబడ్డ తీర్పులో. పదకొండేళ్లు పట్టింది.

పోలీసులు బనాయించిన కేసుల్లో పేదలే జైళ్లలో మగ్గే దేశంలో, ఒక్కరి మాట మీద శిక్ష వేయమంటారా అని మన మిత్రులే అడుగుతారు. ఈ ప్రశ్న తోసివేయదగినది కాదు. కాని పరీక్షించడం వేరు, అనుమానించడం వేరు. అసలు సంగతిలో నిలకడ ఉన్నదా, ఎవరైనా నూరిపోశారా, పాతకక్ష ఉన్నదా అని అడగడం పరీక్ష. ఎందుకు కేకవేయలేదు, ఇన్నాళ్లెందుకు చెప్పలేదు, అది ఎటువంటి కుటుంబం అని అడగడం అనుమానం. మొదటి ప్రశ్నలు నిర్దోషిని కాపాడతాయి. రెండవవి బలవంతుడిని కాపాడతాయి.

దూకుడు ప్రశ్నలను నిషేధిస్తూ 2012లో పోక్సో చట్టం వచ్చింది. అయినా చట్టాన్ని చదివే చూపు మారనిదే పని పూర్తికాదు. మనం కోరేది పసిపిల్ల మీద దయ కాదు. ఆమె మాటను ఆమె తెలుగులోనే రాయమనీ, ఆమె కాలమానంతోనే చదవమనీ కోరుతున్నాం. మోతుబరిని ఏనాడూ అడగని పూచీని ఆమెను మాత్రం అడగవద్దంటున్నాం.