గట్టిగా ఊపిరి పీల్చుకోండి

రాజకీయాల గురించి సైకాలజిస్టులు మాట్లాడే అమెరికన్ పాడ్‌కాస్టులు ఈ మధ్య చాలానే విన్నాను, కారులో, అంట్లు తోముకుంటూ. గొంతులు వేరైనా చెప్పేది దాదాపు ఒకటే. వార్తలకి రోజులో ఒక టైము పెట్టుకోండి. పడుకునే ముందు ఫోను చూడకండి. మీ చేతిలో ఉన్నవీ లేనివీ విడదీసుకోండి. నడవండి, స్నేహితులతో మాట్లాడండి, ఊపిరి మీద ధ్యాస పెట్టండి. చాలామంది నెమ్మదిగా, దయగా మాట్లాడతారు. ఆ దయ నాకు ఇష్టమే, వెటకారం చేయడానికి కాదు ఇది రాస్తున్నది. కానీ వినగా వినగా ఒక ప్రశ్న మాత్రం వదలడం లేదు: రాజకీయాల వల్ల కలిగే బాధని తగ్గించుకోవడం ఎప్పుడూ మంచిదేనా?

బాధ ఉందన్నది నిజం. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ ఒత్తిడి మీద చేసే సర్వేల్లో, 2016లో 52 శాతం మంది అధ్యక్ష ఎన్నిక తమకి పెద్ద ఒత్తిడి అన్నారు. 2020లో 68 శాతం, 2024లో 69. దేశం ఏమైపోతుందోనన్న బెంగ ఉన్నవాళ్ళు 2024లో 77 శాతం. స్టీవెన్ స్టాస్నీ అనే థెరపిస్టు దీనికి 'హెడ్‌లైన్ స్ట్రెస్ డిజార్డర్' అని పేరు కూడా పెట్టాడు. జబ్బుల అధికారిక జాబితాలో అది లేదు గానీ, పేరు మాత్రం జనంలోకి వెళ్ళిపోయింది.

పేరు పెట్టాక ఆ జబ్బు వినేవాడిదైపోతుంది. దీని వెనక కొంత చరిత్ర ఉంది. 1964లో 'ఫాక్ట్' అనే పత్రిక 12 వేలమందికి పైగా సైకియాట్రిస్టులకి ఉత్తరాలు రాసింది, బారీ గోల్డ్‌వాటర్ అధ్యక్షుడు కావడానికి మానసికంగా తగినవాడేనా అని. జవాబిచ్చిన 2,417 మందిలో 1,189 మంది కాదన్నారు, ఆయన్ని పరీక్షించకుండానే. ఎన్నికలో ఓడిపోయిన గోల్డ్‌వాటర్ ఆ పత్రిక మీద పరువునష్టం దావా వేసి గెలిచాడు. 1973లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ ఒక నియమం పెట్టుకుంది: తాము స్వయంగా చూడని నాయకుడి మానసిక స్థితి మీద తీర్పు చెప్పకూడదు. సరైన నియమమే అనుకుంటాను. సైకాలజిస్టులు కూడా చాలామంది ఆ గీత దాటరు. కానీ దాని ఫలితం చూడండి. నాయకుడి మనసు గురించి మాట్లాడకూడదు కాబట్టి ఇక మిగిలింది మన మనసే. నిర్ణయం తీసుకున్నవాడు ఆ గదిలో ఉండడు. దాని దెబ్బ తిన్నవాడు కూర్చుని తన ఆలోచనల్లో లోపాలు వెతుక్కుంటూ ఉంటాడు.

టొరాంటో విశ్వవిద్యాలయంలో బ్రెట్ ఫోర్డ్, మాథ్యూ ఫైన్‌బర్గ్, వాళ్ళ సహచరులు చేసిన పరిశోధన ఒకటి 2023లో వచ్చింది. అమెరికన్లని రెండు వారాలపాటు రోజూ రాత్రి అడిగారు: ఇవాళ మీరు ఎక్కువగా ఆలోచించిన రాజకీయ సంఘటన ఏమిటి, ఎలా అనిపించింది, ఆ బాధతో ఏం చేశారు? దృష్టి మళ్ళించుకున్నవాళ్ళకి, విషయాన్ని ఇంకో కోణంలోంచి చూసి సర్దిచెప్పుకున్నవాళ్ళకి బాధ తగ్గింది. రోజు కాస్త హాయిగా గడిచింది. దాంతోపాటు రాజకీయంగా ఏదైనా చేయాలన్న కోరికా తగ్గింది. మందు పనిచేసింది, ఇబ్బందల్లా అదే.

కోణం మార్చుకోవడం అంటే ఏమిటో నేను ప్రయోగశాల బయట చూశాను. 2025 ఫిబ్రవరి 5న 104 మంది భారతీయులని సంకెళ్ళతో అమెరికా సైనిక విమానంలో అమృత్‌సర్ పంపించారు. ఆ రోజు మా తెలుగు వాట్సప్ గ్రూపుల్లో ముందు కాసేపు నిశ్శబ్దం. తర్వాత ఎవరో రాశారు, "వాళ్ళు దొంగదారిన వచ్చినవాళ్ళు, మనం లైన్లో నిలబడి వచ్చినవాళ్ళం." వరసగా థమ్సప్‌లు. అందరూ తేలికపడ్డారని నాకు అనిపించింది. ఏ థెరపిస్టూ నేర్పకుండానే వచ్చేసిన విద్య అది. గుండె దడ తగ్గించే మాటే, కాదనను. ఆ కాళ్ళకి వేసిన సంకెళ్ళు అలాగే ఉన్నాయి.

తెలివైన సైకాలజిస్టులకి ఈ సంగతి తెలుసు. అందుకే ఇంకో సలహా చేరుస్తారు, ఆందోళనని పనిగా మార్చండి అని. ఓటు వేయండి, వలంటీరుగా వెళ్ళండి, చందా ఇవ్వండి. పౌరుడికైతే మంచి సలహా. నాలా హెచ్-1బి మీద ఉన్నవాడికి ఓటు లేదు. గ్రీన్‌కార్డు లేని విదేశీయుడు ఎన్నికల ప్రచారానికి చందా ఇస్తే చట్టవిరుద్ధం. వీధిలోకి వెళ్ళొచ్చనుకోండి. కానీ పాలస్తీనా విషయంలో యూనివర్సిటీ తీరుని విమర్శిస్తూ మరికొందరితో కలిసి క్యాంపస్ పత్రికలో వ్యాసం రాసిన టఫ్ట్స్ విద్యార్థిని రుమైసా ఓజ్‌టుర్క్‌ని 2025 మార్చిలో ముసుగులేసుకున్న అధికారులు నడివీధిలో పట్టుకెళ్ళిన వీడియో చూశాక, వీసా మీద ఉన్నవాడికి కాలు ముందుకి పడటం కష్టం.

జరగని ఘోరాన్ని ఊహించుకుని వణకడాన్ని థెరపీ భాషలో 'క్యాటస్ట్రొఫైజింగ్' అంటారు. 2025 సెప్టెంబరు 19, శుక్రవారం. హెచ్-1బికి లక్ష డాలర్ల ఫీజు, శనివారం అర్ధరాత్రి దాటగానే అమలు అని ప్రకటన వచ్చింది. బయటి దేశంలో ఉన్నవాళ్ళు తిరిగి రావాలన్నా కట్టాలేమో అనిపించేలా ఉంది దాని రాత. పెద్ద పెద్ద కంపెనీలే ఉద్యోగులకి మెయిల్స్ పెట్టాయి: దేశం దాటకండి, దాటినవాళ్ళు వెంటనే వచ్చేయండి. ఎక్కిన విమానం దిగిపోయినవాళ్ళున్నారు. ఇండియాలో ఉన్నవాళ్ళు దొరికిన టికెట్టు దొరికిన రేటుకి కొన్నారు. శనివారం ప్రభుత్వం వివరణ ఇచ్చింది, ఇది కొత్త దరఖాస్తులకే, ఉన్న వీసాలకి కాదని.

అంటే ఆ ఒక్కరోజు ఫోను పక్కన పడేసి నడకకి వెళ్ళినవాడే సుఖపడ్డాడు! పాడ్‌కాస్టు గెలిచిందనొచ్చు. కానీ శుక్రవారం రాత్రి ఆ సంగతి ఎవరికి తెలుసు? లాయర్లే తేల్చి చెప్పలేకపోయారు. ఆ రాత్రి భయపడ్డవాళ్ళ ఆలోచనలో లోపమేమీ లేదు. లోపం ఉన్న కాగితాన్ని వాళ్ళు సరిగ్గానే చదివారు.

నా మీద పడే నిర్ణయం, నేనేమీ చేయలేనప్పుడు, దాని గురించి నిద్ర చెడగొట్టుకోకపోవడంలో తప్పేమీ కనిపించదు నాకు. అక్కడ ఊపిరి పీల్చుకోమన్న సలహా సలహానే. పక్కవాడి మీద పడ్డదాన్ని చూసి నాకు కలిగిన బాధ సంగతి వేరు. అది నా ఆరోగ్య సమస్య మాత్రమే కాదు, అతని గురించి నాకు తెలిసిన సమాచారం కూడా. నా ఇష్టానికి చెరిపేసుకునే హక్కు నాకు ఎంతవరకు ఉంది? "ఇది మీ చేతిలో ఉందా?" అని వాళ్ళు అడుగుతారు. ఇది ఎవరి మీద పడుతోంది అని కూడా అడిగితే బావుండును.

సైకాలజిస్టులకి ఈ మాట కొత్తదేమీ కాదు. 1967 సెప్టెంబరు 1న వాషింగ్టన్‌లో, అదే అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ సభలో మార్టిన్ లూథర్ కింగ్ మాట్లాడాడు. మీ శాస్త్రానికి బాగా ఇష్టమైన మాట 'మాలడ్జస్టెడ్' కదా, కానీ జాతి వివక్షకీ, కొద్దిమంది భోగం కోసం ఎంతోమందిని పస్తులుంచే ఏర్పాటుకీ, యుద్ధ పిచ్చికీ సర్దుకుపోకపోవడమే మేలన్నాడు. అలా సర్దుకోలేనివాళ్ళకి ఒక అంతర్జాతీయ సంఘమే పెట్టాలేమో అనీ అన్నాడు. ఏడు నెలలకి ఆయన్ని చంపేశారు. నేను విన్న ఎపిసోడ్లలో ఈ ప్రసంగం ఊసు రాలేదు. ఎప్పుడైనా వస్తుందేమోనని వింటూనే ఉన్నాను. నిద్ర కూడా పట్టాలి కదా, పొద్దున్నే స్టాండప్ మీటింగు.