పొదల మధ్య ఖాళీ

హెక్టారుకు 300 నుంచి 700 దాకా మనిషెత్తు దాటిన పొదలు. కడప జిల్లా లంకమల కొండల దిగువన కలివికోడి తిరిగే చోట్లను కొలిస్తే తేలిన లెక్క ఇది. పొదలు అంతకన్నా చిక్కబడినా ఆ పిట్టకు సరిపడదు, పలచబడినా సరిపడదు. తెలంగాణలోని కోహీర్‌లో ఉంటూ ఈ అంకెల గురించి చాలాకాలంగా ఆలోచిస్తున్నాను.

మనిషిని దూరంగా ఉంచితే చాలు, అడవి తన సంగతి తానే చూసుకుంటుందని నమ్ముతూ పెరిగిన తరం మాది. కలివికోడి దగ్గర ఆ నమ్మకం నిలవదు. అక్కడ పొదలు కమ్ముకుపోకుండా ఆపేది మేకలు, బర్రెలు, వంటచెరకు కొట్టుకునేవాళ్లు. ఆ కొట్టడమే హద్దు మీరినా, పొదల్ని పెళ్లగించి పొలం చేసినా పిట్టకు నీడ పోతుంది. ఎంతవరకు అన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు కాగితాల్లో దొరకదు, నేల మీద కొలుచుకోవాల్సిందే.

1900 తర్వాత చాలా ఏళ్లపాటు ఆ పిట్టను చూసినట్టు శాస్త్రవేత్తల రాతల్లో లేదు. అంతరించిపోయిందనే చాలామంది అనుకున్నారు. 1986 జనవరిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ రెడ్డిపల్లి దగ్గర దాన్ని మళ్లీ లోకానికి చూపించారు. చేత్తో పట్టుకున్నది మాత్రం ఐతన్న అనే అక్కడి వేటగాడు, రాత్రిపూట, లైటు వెలుగులో. శాస్త్రం లెక్కలో లేని పిట్టకు ఆ పల్లెల్లో పేరుంది. పట్టుబడిన ఆ పిట్ట బతకలేదన్న సంగతి నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

రాత్రి తిరిగే ప్రాణి కాబట్టి ఎదురుపడదు. పొద్దు గూకాక కాసేపు కూసి ఊరుకుంటుంది. అందుకే తర్వాత వచ్చిన పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టి పరిచారు, ఐదు మీటర్ల పొడవున, జానెడుకు కాస్త ఎక్కువ వెడల్పున. తెల్లారి వెళ్లి వంగి చూడాలి. తీతువు అడుగా, కౌజు అడుగా, మూడువేళ్ల కలివికోడి అడుగా? చూసింది రాసుకుని, మట్టిని మళ్లీ చదును చేసి రావాలి. ఏ అడుగూ పడని రోజును కూడా అంతే శ్రద్ధగా రాయాలి. సర్వే మొత్తంలో నేను చేతులెత్తి మొక్కేది ఆ పనికే. సున్నా వేయడానికైనా అంత దూరం నడిచి వెళ్లాలి. 2005లో తెలుగుగంగ కాలువ తవ్వకం ఆ పొదల్లోకి వచ్చినప్పుడు కాలువ దారి మార్పించగలిగారంటే, పిట్ట ఎక్కడ తిరుగుతుందో అప్పటికే రాసిపెట్టి ఉండబట్టే.

మా దగ్గర కలివికోడి ఉందని నేననడం లేదు. లంకమల ఎక్కడ, కోహీర్ ఎక్కడ! నేల తీరు మాత్రం నాకు దగ్గరగానే తోస్తుంది. ఎర్రమట్టి, రాయి, తంగేడు, రేగు, బలుసు, వాటి నడుమ మేకల దారులు. జామతోటకు పనికిరాదని వదిలేసిన చోటును ఊళ్లో అందరం వట్టి కంప అంటాం. అలాంటి చోటుకు ఇప్పుడు రెండే దారులు కనిపిస్తున్నాయి, ప్లాట్లు కావడం లేదా మొక్కలతో నిండడం. 2015లో మొక్కలు నాటే ప్రభుత్వ కార్యక్రమం హరితహారం మొదలయ్యాక, ఖాళీ కనపడితే గుంత తవ్వడం మంచిపనే అన్న నమ్మకం బలపడింది. చెట్టంటే నాకూ ఇష్టమే. కానీ పొదల మధ్య ఖాళీని నమ్ముకున్న ప్రాణికి వరసగా నాటిన తోట ఇల్లు కాలేదు.

"ఆడ ఏముంటది సారూ" అన్న మాట మేకల కాపరి నోట నేనెప్పుడూ వినలేదు. అది ఊళ్లో ఉండే మాబోటివాళ్ల మాట. ఆయన్ని అడిగితే కౌజు ఏ పొద కింద గుడ్లు పెట్టిందో, ఉడుము ఏ బొరియలో దూరిందో చెబుతాడు. గుంతలు తవ్వేముందు, ప్లాట్ల రాళ్లు పాతేముందు, ఏడాదిపాటు మూడు కాలాల్లోనూ ఇక్కడ మట్టి పరిచి చూడాలి. దారి చూపడానికి ఆ కాపరినే ముందుంచాలి. ఆయన కూలిని సర్వే ఖర్చుల్లో మొదటి పద్దుగా రాయాలి.