కాయకము నడుగువాని యెదుట

కారాగారమునుండి వెలువడినవాడు మొదట వెదకునది పని. అన్నమన్నచో ఏ మఠపు దాసోహమందైనను లభించును. పంక్తిలో కూర్చున్నవానిని 'నీవెవ్వడవు?' అని యడుగుట శరణాచారము కాదు. ఆ మనుష్యుడే మరునాడు అంగడి ముందర నిలిచి పని యిమ్మన్నచో, నిన్న వడ్డించిన చేయియే తలుపు మూయుచున్నది. కాయకమందే కైలాసమున్నదని పిల్లలకు నేర్పు ఇండ్లలో ఇది వింత గాదా?

శరణబంధువులారా! పాల్కురికి సోమనాథుని బసవపురాణమున దొంగలు భక్తవేషము ధరించి, లింగములకు మారుగా వంకాయలు కట్టుకొని బసవేశ్వరుని యింటికి వచ్చిరి. ఆయన వారి గుట్టు బయట పెట్టలేదు, మ్రొక్కెను. వంకాయలు లింగములయ్యెను. ఈ మహిమకు చేతులు జోడించుట సులభము. కాని లింగధారణమైన పిమ్మట పూర్వకులము నెంచరాదన్న ధర్మము, పూర్వదోషము నెంచుటకు మాత్రమెట్లొప్పుకొనును?

'గల్లాపెట్టె వానిచేతి కెట్లిత్తుము?' అని వర్తకుడనును. ఆ భయము తప్పు కాదు, అది కష్టార్జితము. సమాధానము బసవేశ్వరుని చరిత్రయందే కలదు. ఆయన 12వ శతాబ్దమున బిజ్జలుని భండారి. రాజధనమును జంగములకు పంచిపెట్టుచున్నాడని కొండెములు చెప్పగా రాజు లెక్క చూపుమనెను. బసవేశ్వరుడు లెక్కకు వెనుదీయలేదు, ధనము సరిపోయెను. కావున లెక్క చూచుట అవమానము కాదు. మొదట గోదాములో మూటలు, కొంతకాలమునకు తూనిక, పిదప గల్లా. అందరి లెక్కతోపాటు వాని లెక్కయు. గట్టు తగవులో చేయి చేసికొని శిక్షపడినవానికి గల్లాతో పోలిక యేమో, అది వేరు మాట.

శాసనము కొంతవరకే నడచును. 1958నాటి అపరాధుల ప్రొబేషను చట్టపు 12వ సెక్షను, ఆ చట్టము క్రింద ప్రొబేషనుపై విడువబడినవారికి శిక్షవలన కలుగు అనర్హతను తొలగించెను. 2016లో అవతార్ సింగ్ కేసున సుప్రీంకోర్టు, చిన్నవయసునాటి స్వల్పాపరాధమును దాచినను యజమాని ఉపేక్షింపవచ్చుననెను. నిజము చెప్పినవానికి పని యిచ్చి తీరవలెనని మాత్రమనలేదు. అటనుండి నడవవలసినది గృహస్థుడే. హైదరాబాదున చంచల్‌గూడ చెరసాలయొద్ద కారాగారశాఖవారి పెట్రోలుబంకులో ఖైదీలు పని చేసిరి. దినమంతయు వారి చేతులమీదుగా రొక్కము నడచెను.

మఠములకు ధాన్యపుకొట్లు, వసతిగృహపు వంటశాలలు కలవు. భక్తులకు మిల్లులు, అంగళ్లు కలవు. తన గతమును దాచక చెప్పి వచ్చినవాని నొక్కని ఈ బసవజయంతికి వంటశాలలో చేర్చుకొని, పండుగ ముగిసిన పిమ్మటను నిలుపుకొనవచ్చును. ఆ గతము స్వామివారికిని, లెక్క వ్రాయువానికిని తెలిసిన చాలును, పంక్తిలోనివారికి చెప్పనక్కరలేదు.